రాతికెక్కిన పేర్లు, ఎక్కని పేర్లు

ఫ్రాన్స్ ఉత్తరాన సోమ్ నదికి దగ్గర్లో తీప్‌వాల్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి పక్కనే ఎర్ర ఇటుకతో, తెల్ల రాతితో కట్టిన 45 మీటర్ల ఎత్తు కమాను చాలా దూరం నుంచే కనబడుతుంది. దాని స్తంభాల నిండా పేర్లే. మొత్తం 72 వేలకు పైగా. మొదటి ప్రపంచ యుద్ధంలో సోమ్ ప్రాంతంలో చనిపోయి, శవం దొరకని, లేదా దొరికినా ఎవరిదో తేలని బ్రిటిష్, దక్షిణాఫ్రికా సైనికుల పేర్లవి. ఆ చుట్టుపక్కల పొలాల్లో ఇవాళ్టికీ పైపులైను కోసమో రోడ్డు కోసమో తవ్వితే ఎముకలు బయటపడుతుంటాయి. ఒక బటనో, రెజిమెంటు బిళ్లో, డీఎన్‌ఏ పరీక్షో ఆధారంగా అవి ఫలానా సైనికుడివని తేలితే, అతనికి విడిగా సమాధి కట్టి సైనిక లాంఛనాలతో ఖననం చేస్తారు. ఆ తర్వాత తీప్‌వాల్ రాతి మీద అతని పేరు తీసేస్తారు.

సమాధి లేదు కాబట్టే అక్కడ పేరు పెట్టారు. సమాధి వచ్చాక ఆ పేరుతో అక్కడ పని లేదు. వినడానికి ఆఫీసు రికార్డుల లెక్కలా ఉన్నా, యూరప్‌లోని బ్రిటిష్ కామన్వెల్త్ యుద్ధ శ్మశానాలు నడిచేది ఈ లెక్క మీదే. చనిపోయిన ప్రతి ఒక్కరికీ ఏదో ఒకచోట రాతి మీద పేరు ఉండి తీరాలన్నది దాని మూల సూత్రం. అంతకుముందు అలా ఎన్నడూ లేదు. 1815లో వాటర్లూ యుద్ధం ముగిశాక వేల మంది సామాన్య సైనికుల్ని గుంతల్లో కలిపి పూడ్చేశారు. ఫలకాలు, విగ్రహాలు వగైరా అధికారులకే. సిపాయికి కూడా పేరుంటుందని, అది రాజ్యం గుర్తుపెట్టుకోవాల్సిన విషయమని యూరప్ దేశాలు పూర్తిగా ఒప్పుకున్నది 1914 తర్వాతే.

ఈ మార్పుకు మొదట పూనుకున్నది ఫేబియన్ వేర్ అనే ఆయన. యుద్ధం మొదలయ్యేసరికి 45 ఏళ్లు. సైన్యంలోకి తీసుకోలేదు. రెడ్‌క్రాస్ అంబులెన్స్ దళం ఒకటి నడిపిస్తూ ఫ్రాన్స్ వెళ్లాడు. గాయపడినవాళ్లను మోసుకొచ్చే పనిలో ఉండగానే, దారి పక్కన చెక్క శిలువలతో ఉన్న సమాధుల్ని నమోదు చేసేవాళ్లే లేరని గమనించాడు. వానకు పెన్సిల్ రాత చెరిగిపోతే ఆ మనిషి ఆనవాలు కూడా పోయినట్టే. ఆయన సొంతంగా మొదలుపెట్టిన నమోదు పని 1915లో సైన్యంలో భాగమైంది. 1917 మే 21న రాజశాసనంతో ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ ఏర్పడింది. 1960 నుంచి దాని పేరు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన 17 లక్షల మంది జ్ఞాపకం ఇప్పుడు దాని చేతిలో ఉంది. ఖర్చును బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా, భారత్ ఎవరి సమాధుల లెక్కన వాళ్లు పంచుకుంటాయి.

కమిషన్ తీసుకున్న నిర్ణయాల్లో అన్నిటికన్నా కఠినమైనది, ఎవరి శవాన్నీ ఇంటికి పంపకూడదన్నది. దీని వెనక ఒక సంఘటన ఉంది. 1915 ఏప్రిల్‌లో మాజీ ప్రధాని గ్లాడ్‌స్టన్ మనవడు, ఎంపీ కూడా అయిన యువ అధికారి ఫ్రాన్స్‌లో చనిపోతే, కుటుంబం పలుకుబడి ఉపయోగించి శవాన్ని బ్రిటన్‌కు తెప్పించుకుంది. అదే వారంలో చనిపోయిన కూలివాడి కొడుకు మాత్రం బురదలోనే ఉండిపోయాడు. శవాల్ని తవ్వితీయడాన్ని ఫ్రెంచ్ సేనాని జోఫ్ర్ అప్పటికే నిషేధించాడు. వేర్ పట్టుబట్టడంతో బ్రిటిష్ సైన్యం కూడా ఆ నిషేధాన్ని గట్టిగా అమలు చేసింది, యుద్ధం అయ్యాక కూడా ఎత్తేయలేదు. డబ్బున్నవాడి కొడుకు ఇంటికి, లేనివాడి కొడుకు పరాయి నేలకు అన్న తేడా వద్దన్నది వాదన. న్యాయమైన వాదనే. కానీ కొడుకు కోసం ఎదురుచూస్తున్న తల్లికి ఆ న్యాయం ఎలా కనబడి ఉంటుందన్నది వేరే సంగతి.

రెండో గొడవ రాయి ఆకారం గురించి. బ్రిటిష్ మ్యూజియం డైరెక్టర్ ఫ్రెడరిక్ కెన్యన్ 1918లో ఇచ్చిన నివేదికలో, జనరల్ అయినా సిపాయి అయినా అందరికీ ఒకే కొలత రాయి ఉండాలని చెప్పాడు. ఎత్తు 81 సెంటీమీటర్లు, వెడల్పు 38. పైన కొంచెం వంపు. రాతి మీద రెజిమెంటు చిహ్నం, పేరు, ర్యాంకు, చనిపోయిన తేదీ. శిలువ ఆకారం వద్దన్నారు. చనిపోయినవాళ్లలో యూదులు, హిందువులు, ముస్లింలు, సిక్కులు, ఏ మతమూ లేనివాళ్లు ఉన్నారు. పైగా శిలువ మీద పేరు పట్టేంత చోటు కూడా ఉండదు. శిలువ కావాలనుకున్న కుటుంబాలు రాతి మీద చెక్కించుకోవచ్చు. శ్మశానం మొత్తానికి కలిపి ఒక పెద్ద శిలువ, సమాధుల సంఖ్య ఎక్కువైన చోట ఎడ్విన్ లుటియెన్స్ గీసిన బల్లలాంటి స్మరణ శిల. మన ఢిల్లీలో ఇండియా గేట్ గీసిన లుటియెన్సే ఈయన. ఆ శిలకు ఏ మత చిహ్నమూ లేదు.

దీని మీద బ్రిటన్‌లో పెద్ద రగడే జరిగింది. ముగ్గురు కొడుకుల్ని యుద్ధంలో పోగొట్టుకున్న ఫ్లోరెన్స్ సెసిల్ అనే ఆమె 8 వేలకు పైగా సంతకాలతో వేల్స్ యువరాజుకు వినతిపత్రం ఇచ్చింది. తమ బిడ్డల సమాధుల మీద శిలువ నిలబెట్టుకునే హక్కయినా ఇవ్వమని అందులో వేడుకున్నారు. బతికున్నప్పుడు కొడుకు సైన్యం సొత్తు, చచ్చాక కూడా సైన్యం సొత్తేనా అన్నది వాళ్ల కోపం. 1920 మే 4న పార్లమెంటులో చర్చ జరిగింది. కొడుకుని పోగొట్టుకున్న మాజీ ప్రధాని ఆస్క్విత్ కమిషన్ వైపు మాట్లాడాడు. కొడుకు శవమే దొరకని రచయిత కిప్లింగ్ కమిషన్ సభ్యుడు. వెళ్లి నిలబడడానికి మీకొక సమాధైనా ఉంది, మాలాంటి వాళ్లకు అదీ లేదన్నది అలాంటి తల్లిదండ్రుల మాట. చివరికి కమిషన్ మాటే నెగ్గింది. ఇప్పుడు బెల్జియం, ఫ్రాన్స్ వెళ్లినవాళ్లు ఆ తెల్లటి వరసల్ని చూసి ఎంత ప్రశాంతంగా ఉందో అంటారు. ఆ ప్రశాంతత ఇంత పేచీ తర్వాత వచ్చింది.

కుటుంబాలకు మిగిలిన చోటు రాతి అడుగున ఒక వాక్యం. అక్షరాలు, మధ్య ఖాళీలు కలిపి 66కు మించకూడదు. అక్షరానికి మూడున్నర పెన్నీలు అడిగారు, తర్వాత ఇష్టమైతేనే ఇవ్వండన్నారు. న్యూజీలాండ్ అయితే, డబ్బున్నవాళ్లే రాయించుకుంటారు కాబట్టి అసలు ఎవరికీ వద్దంది. ఈ ఒక్క వాక్యంలో జనం ఏం రాశారో చూడాలంటే ఫ్రాన్స్‌లోని బెయ్యుల్‌మాన్ ఊరి శ్మశానంలో ఆల్బర్ట్ ఇంగమ్ అనే సిపాయి రాయి చూడాలి. 1916 డిసెంబర్ 1న, సైన్యం నుంచి పారిపోయాడన్న నేరానికి సొంత సైన్యమే అతన్ని కాల్చి చంపింది. ఇంట్లో వాళ్లకు గాయాలతో చనిపోయాడని చెప్పారు. నిజం తర్వాత తెలిసింది. తండ్రి దాచిపెట్టలేదు. తెల్లవారుజామున కాల్చివేతకు గురైనవాడు, సైన్యంలో ముందుగా చేరినవాళ్లలో ఒకడు, తన తండ్రికి తగ్గ కొడుకు అని చెక్కించాడు. యుద్ధంలో ఇలా కాల్చి చంపిన బ్రిటిష్, కామన్వెల్త్ సైనికులు 306 మంది. ప్రభుత్వం వాళ్లకు క్షమాభిక్ష ఇచ్చింది 2006లో. కమిషన్ మాత్రం మొదటి నుంచీ వాళ్లను మిగతావాళ్ల వరసలోనే, అదే కొలత రాతి కింద ఉంచింది. సమానత్వం అన్న మాటకు ఇంతకన్నా గట్టి పరీక్ష ఉండదు, ఇక్కడ కమిషన్ నెగ్గింది.

పేరు తెలియని సమాధుల సంఖ్య చూస్తే గుండె ఝల్లుమంటుంది. బెల్జియంలోని టైన్ కాట్ కమిషన్ శ్మశానాలన్నిటిలోకీ పెద్దది. అక్కడున్న దాదాపు 12 వేల సమాధుల్లో 8,300కు పైగా ఎవరివో తెలియదు. వాటి మీద దేవుడికి తెలిసినవాడు అనే అర్థం వచ్చే మాట ఉంటుంది. కిప్లింగ్ సూచించిన మాటే. వెనక గోడ మీద జాడ తెలియని మరో 35 వేల మంది పేర్లు. పక్కనే ఉన్న ఈప్ర్ పట్నంలో మెనిన్ గేట్ మీద 54 వేలకు పైగా. 1927 జూలైలో దాన్ని ప్రారంభిస్తూ సేనాని ప్లూమర్ జాడ తెలియనివాళ్ల తల్లిదండ్రులతో, అతను తప్పిపోలేదు, ఇక్కడే ఉన్నాడు అన్నాడు. 1928 నుంచి ఆ ఊరి అగ్నిమాపక దళం బాకా వాయిద్యకారులు రోజూ రాత్రి 8 గంటలకు అక్కడ ట్రాఫిక్ ఆపి, చనిపోయిన సైనికులకు నివాళిగా వాయించే లాస్ట్ పోస్ట్ అనే బాకా పాట వాయిస్తారు. రెండో యుద్ధంలో జర్మన్లు ఊరిని పట్టుకున్న నాలుగేళ్లే అది ఆగింది.

బ్రిటన్ దారి ఒక్కటే దారి కాదు. ఫ్రాన్స్ 1920 జూలైలో చట్టం చేసి, ప్రభుత్వ ఖర్చుతో శవాన్ని సొంతూరికి తెచ్చుకునే వీలిచ్చింది. దాదాపు 2,40,000 శవాలు అలా ఇళ్లకు చేరాయి. అప్పటికే చాలా కుటుంబాలు రాత్రిపూట డబ్బిచ్చి దొంగచాటుగా తవ్వించుకుంటుంటే ప్రభుత్వానికి వేరే మార్గం లేకపోయింది. అమెరికా కూడా కుటుంబాలనే అడిగింది. ఎక్కువమంది ఇంటికే పంపమన్నారు. మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మాత్రం, విమానం కూలి చనిపోయిన తన కొడుకు పడిన చోటే ఉండాలన్నాడు. ఆ శవాన్ని 1955లో నార్మండీకి మార్చి, రెండో యుద్ధంలో చనిపోయిన అన్న పక్కన పెట్టారు.

ఫ్రెంచివాళ్లకు ఒక విషయం మాత్రం చేతకాలేదు. వెర్డన్‌లో 1916లో పది నెలల పాటు ఒకే నేల మీద ఫిరంగులు కురిసేసరికి ఎవరి ఎముక ఏదో వేరుచేసే పరిస్థితి లేకుండా పోయింది. డూయోమాన్ అస్థి మందిరం అందుకే కట్టారు. దాని కింద దాదాపు 1,30,000 మంది ఎముకలు ఉన్నాయి, ఫ్రెంచివాళ్లవీ జర్మన్లవీ కలిసిపోయి. బయట గోడకు నేలకు దగ్గరగా చిన్న చిన్న అద్దాల కిటికీలున్నాయి. వంగి చూస్తే పుర్రెలు, తొడ ఎముకలు కుప్పలుగా కనబడతాయి. బ్రిటిష్ శ్మశానాల పచ్చగడ్డి, గులాబీ మొక్కలు దాచిపెట్టేదాన్ని ఇక్కడ దాచలేదు. 1984లో ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తరాన్, జర్మనీ ఛాన్సలర్ కోల్ చేయి చేయి పట్టుకుని నిలబడింది ఈ చోటే.

ఓడిపోయినవాడి శ్మశానం వేరేలా ఉంటుంది. బెల్జియంలో లాంగమార్క్ జర్మన్ శ్మశానంలో 44 వేల మందికి పైగా ఉన్నారు. అందులో దాదాపు 25 వేల మంది ఒకే సామూహిక సమాధిలో. నిలువు రాళ్ల వరసలు లేవు. నేలకు పరిచిన పలకలు, పైన ఓక్ చెట్ల నీడ. ఇది కొంత జర్మన్ల అభిరుచి, కొంత గెలిచినవాళ్లు ఇచ్చిన చోటు తక్కువ కావడం. తమ గడ్డను ఆక్రమించి ఊళ్లు తగలబెట్టినవాళ్లకు ఎకరాలకు ఎకరాలు రాసివ్వడానికి బెల్జియన్లకు మనసు రాలేదంటే తప్పు పట్టలేం. 1950లలో చెల్లాచెదురుగా ఉన్న జర్మన్ సమాధుల్ని నాలుగు చోట్లకు కుదించారు. వాటిలో వ్లాడ్స్లోలో శిల్పి కేథే కోల్‌విట్స్ చెక్కిన రెండు విగ్రహాలున్నాయి. ఆమె చిన్న కొడుకు పీటర్ 1914 అక్టోబర్‌లో 18 ఏళ్లకే చనిపోయాడు. మైనారిటీ తీరని పిల్లాణ్ని సైన్యంలో చేరనివ్వమని భర్తను ఒప్పించింది ఆమే. విగ్రహాలు పూర్తయ్యేసరికి 1932 వచ్చింది. మోకాళ్ల మీద ఉన్న తండ్రి చేతులు ఒంటికి గట్టిగా కట్టుకున్నాడు, తల్లి తల వంచి ముడుచుకుపోయింది. వాళ్ల ముందు జెండా లేదు, దేవదూత లేడు. కొడుకు పేరున్న పలక ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఎలా చెయ్యాలో అందరికీ తెలుసు. ఎవరిని గౌరవించాలన్నదే చిక్కు. 1985లో అమెరికా అధ్యక్షుడు రీగన్ జర్మనీలోని బిట్‌బుర్గ్ శ్మశానానికి వెళ్తే, అక్కడ నాజీ పార్టీ సొంత సైన్యమైన వాఫెన్ ఎస్ఎస్ సైనికుల సమాధులు ఉన్నాయని అమెరికా అంతా మండిపడింది. నెదర్లాండ్స్‌లోని మార్‌గ్రాటెన్‌లో దీనికి సరిగ్గా వ్యతిరేకం. అమెరికన్ సైనికుల 8 వేలకు పైగా సమాధుల్ని ఒక్కోదాన్ని ఒక్కో స్థానిక కుటుంబం దత్తత తీసుకుంది. పువ్వులు పెట్టడం, అమెరికాలోని బంధువులకు ఉత్తరం రాయడం తాతల నుంచి మనవలకు వస్తోంది. దత్తత కోసం వెయిటింగ్ లిస్టు కూడా ఉంది.

సోవియట్ స్మారకాలు మరో రకం పేచీ. బెర్లిన్ ట్రెప్టవ్ పార్కులో దాదాపు 7 వేల మంది సోవియట్ సైనికులు ఉన్నారు. అలాంటి సోవియట్ సమాధుల్ని, స్మారకాల్ని చూసుకుంటామని జర్మనీ 1990లో ఒప్పందం రాసిచ్చింది, ఉక్రెయిన్ యుద్ధం వచ్చాక కూడా ఆ మాట మీదే ఉంది. ఎస్టోనియా 2007లో టాలిన్ నడిబొడ్డున ఉన్న సోవియట్ కాలపు కంచు సైనికుడి విగ్రహాన్ని సైనిక శ్మశానానికి తరలిస్తే అల్లర్లు జరిగి ఒకరు చనిపోయారు. లాట్వియా 2022లో రీగాలోని సోవియట్ విజయ స్తంభాన్ని కూల్చేసింది. ఇక్కడ తేడా గమనించాలి. సమాధుల్ని గౌరవించాలని జెనీవా ఒప్పందాలు చెబుతాయి. స్తంభాలకు, విగ్రహాలకు ఆ రక్షణ లేదు. ఒకరికి విముక్తిగా కనబడేది ఇంకొకరికి యాభై ఏళ్ల ఆక్రమణకు గుర్తు.

ఇక భారత సైనికుల సంగతి. 1914 సెప్టెంబర్‌లో మార్సెయ్ రేవులో దిగిన భారత దళాలు ఆ చలికాలమంతా ఫ్రాన్స్, బెల్జియం కందకాల్లో ఉన్నాయి. 1915 మార్చి 10న నవ్ షపెల్ దాడిలో ముందు నిలబడ్డవాళ్లలో చాలామంది గఢ్వాలీలు, గూర్ఖాలు, పంజాబీలు. ఆ రోజే చనిపోయి విక్టోరియా క్రాస్ పొందిన గబర్ సింగ్ నేగీ పేరు ఆ ఊళ్లోనే భారత స్మారకం మీద ఉంది. 1927లో ప్రారంభమైన ఈ స్మారకాన్ని గీసింది వాస్తుశిల్పి హెర్బర్ట్ బేకర్. గుండ్రటి ప్రహరీ, దానిలో సగం జాలీ రాయి, మధ్యలో అశోక స్తంభాన్ని గుర్తుచేసే 15 మీటర్ల స్తంభం, దాని మీద తామర పువ్వు, దానికీ పైన బ్రిటిష్ కిరీటం. కింద రెండు పులులు. ప్రహరీ లోపల 4,700 మందికి పైగా సైనికుల, కూలీల పేర్లు. హిందువుల్ని, సిక్కుల్ని దహనం చేస్తారు కాబట్టి వాళ్లకు సమాధి ఉండదు. పేరు తప్ప ఇంకేమీ మిగలదు. బ్రైటన్ కొండల మీద 53 మందిని దహనం చేసిన చోట కట్టిన ఛత్రీ కూడా ఇలాంటిదే.

యూరప్‌లో భారతీయులకు దక్కిన ఈ న్యాయం యూరప్ దాటాక చాలాచోట్ల దక్కలేదు. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద బ్రిటిష్ సైనికుల పేర్లున్నాయి, భారత అధికారుల పేర్లూ ఉన్నాయి. భారత సిపాయిలు మాత్రం రెజిమెంటు పక్కన ఒక సంఖ్య. మన మద్రాస్ ప్రెసిడెన్సీ దళాలు పనిచేసిన రంగం అది. తూర్పు ఆఫ్రికాలో మోతకూలీలుగా చనిపోయినవాళ్లకు ఆ సంఖ్య కూడా లేదు. గోల్డ్ కోస్ట్ (ఇప్పటి ఘనా) గవర్నర్ ఒకాయన సగటు ఆఫ్రికన్‌కు సమాధి రాయి విలువ అర్థం కాదన్నట్టు మాట్లాడాడు. కమిషన్ వేసిన విచారణ కమిటీ 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం, ఆసియా, ఆఫ్రికా మనుషుల్లో 45 వేల నుంచి 54 వేల మందికి అసమానంగా స్మారకం దక్కింది. కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 దాకా, పేరుతో స్మారకమే లేదు. బ్రిటిష్ రక్షణ మంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. ప్రతివాడికీ ఒకే కొలత రాయి అని పార్లమెంటులో నెగ్గించుకున్న సంస్థే ఇది చేసిందంటే, సూత్రం గొప్పదే, అది ఎవరికి వర్తిస్తుందన్న లెక్కలోనే తేడా. నవ్ షపెల్ గోడను అందరూ చూస్తారు, బస్రా ఎడారికి ఎవరు వెళ్తారు అన్న ధీమా కూడా ఉండే ఉంటుంది.

రాజకీయాలు పేర్లను ఊళ్లు కూడా దాటించాయి. బెర్లిన్ దగ్గర జెరెన్స్‌డోర్ఫ్‌లో మొదటి యుద్ధంలో ఖైదీలుగా చనిపోయిన 200 మందికి పైగా భారతీయుల శ్మశానం ఉంది. రెండో యుద్ధం తర్వాత అది తూర్పు జర్మనీలో పడి, చూసుకునే దిక్కు లేకపోయింది. 1964లో వాళ్ల పేర్లను కంచు ఫలకం మీద పోతపోసి నవ్ షపెల్‌లో పెట్టారు. జర్మనీ ఏకమయ్యాక, 2005 నాటికి అసలు శ్మశానాన్ని బాగుచేశారు.

తెలుగువాళ్లకు దగ్గరి లంకె ఇటలీలో ఉంది. రెండో యుద్ధంలో అక్కడ చనిపోయిన భారత సైనికులు 5,700 మందికి పైగా. వాళ్లలో తెలుగు, తమిళ ప్రాంతాల నుంచి చేరినవాళ్లుండే మద్రాస్ సాపర్స్ కూడా ఉన్నారు. వంతెనలు కట్టడం, మందుపాతరలు తీయడం వాళ్ల పని. ఆ దళానికి చెందిన సుబేదార్ సుబ్రమణ్యన్ 1944 ఫిబ్రవరి 24న మిన్యానో దగ్గర పేలబోతున్న మందుపాతర మీద పడి తోటివాళ్లను కాపాడి చనిపోయాడు, జార్జ్ క్రాస్ వచ్చింది. పశ్చిమ గోదావరిలోని మాధవరాన్ని మిలటరీ మాధవరం అంటారంటే రెండు యుద్ధాలకూ ఆ ఊరి నుంచి వెళ్లినవాళ్లే కారణం. ఇంట్లో యుద్ధానికి వెళ్లి తిరిగిరాని ముత్తాత గురించి మాటల్లో మాత్రమే విన్న కుటుంబాలు కమిషన్ వెబ్‌సైట్లో పైసా ఖర్చు లేకుండా వెతుక్కోవచ్చు. చాలా రికార్డుల్లో తండ్రి పేరు, ఊరు, జిల్లా ఉంటాయి. అయితే అప్పటి గుమాస్తాలు తెలుగు పేర్లను, ఊళ్లను చెవికి వినబడినట్టు ఇంగ్లిష్‌లో రాసుకున్నారు, కాబట్టి ఒక స్పెల్లింగుతో దొరకలేదని వదిలేయకూడదు. రెజిమెంటు పేరు, చనిపోయిన ఏడాది తెలిస్తే పని తేలికవుతుంది. ఇటలీలో చనిపోయిన హిందువు అయితే సమాధి నంబరుకు బదులు సాంగ్రో నది శ్మశానంలోనో ఫోర్లీలోనో ఉన్న దహన స్మారకం పేరు, ప్యానల్ నంబరు వస్తాయి.